ఊపిరి వినపడే చోటు

చైత్రం, రెండో వారం

దుకాణంలో జరిగిన పని ఏ వారానికావారం రాసి ఉంచాలని మా ఊరి సభవారి నియమం. రాసింది ఎవరూ చదవరు. చదివేవాళ్ళే ఉంటే, సభవారి మీద నేను ఇన్నేళ్ళుగా రాసిన తిట్లకు నా ఉద్యోగం ఎప్పుడో ఊడి ఉండేది.

ఈ వారం తొమ్మిది జతల ఇయర్‌ఫోన్లు వచ్చాయి. అన్నిటికీ ఒకటే జబ్బు, గుబిలి. పాట పాడైపోయిందని మొహాలు వేలాడేసుకుని వస్తారు. పాటకేమీ కాలేదు నాయనా, నీ చెవిలో గుబిలి జాలీకి అడ్డం పడింది అని చెబితే నన్ను శత్రువులా చూస్తారు. సూదిమొనతో గుబిలి తీసి, జాలీ తుడిచి ఇచ్చాక చెవిలో పెట్టుకుని, "అమ్మయ్య, కంజిర గజ్జెలు మళ్ళీ వినపడుతున్నాయి కోదండంగారూ" అంటారు. నా చేతి మహిమ అనుకుంటారు. నేనూ కాదనను.

ఇవి పాత భూమి సరుకు. ఒక్కో గుల్లలో చప్పుడు పలికించే ఏడు నాలుకలుంటాయి, ఒక్కోటి బియ్యపు గింజంత. మందమైన మోతలకు పెద్ద నాలుకలు, సన్నని చప్పుళ్ళకు అన్నిటికన్నా చిన్న నాలుక. వాటిని చేయగల చెయ్యి ఇప్పుడు ఎక్కడా లేదు. గుల్ల మాత్రం నేను పోస్తాను, ఎవరి చెవి అచ్చు వాళ్ళకి. నా గుల్ల చెవిలో సరిగ్గా కూర్చుందంటే బుసలమ్మ కూడా నోరు మూసుకోవలసిందే.

బుసలమ్మ అంటే మా ఊరి అడుగున తిరిగే పెద్ద పంకా. నేల కింద బతికే మాకు గాలి అందించేది ఆ తల్లే. మా తాతల కాలం నుంచీ ఆగకుండా తిరుగుతోంది. ఆగితే మేము లేము, తిరిగితే మా చెవులు లేవు. ఇంటి తలుపు బిగించుకుంటే మామూలుగా మాట్లాడుకోవచ్చు గానీ, గుమ్మం దాటితే ఇయర్‌ఫోన్లు పెట్టుకోవలసిందే. అవి బుసను బయట ఆపి మనిషి గొంతును మాత్రం లోపలికి రానిస్తాయి. గోడలకు చెవులుంటాయంటారు. మా ఊళ్ళో ఆ గోడలకు కూడా ఈపాటికి చెవుడు వచ్చి ఉంటుంది.

ఒక మాట రాయాలా వద్దా అని ఇంతసేపూ తచ్చాడుతున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేనూ మా ఆవిడ హైమవతీ ఒక పాట వింటాం. పెళ్ళినాడు పురోహితుడు మా ఇద్దరి తీగలూ కలిపి ముడేసి ఒకే పాటపెట్టెకు తగిలించాడు. మా ఊరి పెళ్ళికి అదే ముడి. మాకు ఇష్టమైనది నావను ఒడ్డుకు కట్టేసే పాట. పేరు తెలియని ఆవిడ ఎవరో పాడింది. నావను మేమిద్దరం ఎన్నడూ చూడలేదు. పాట మొదలయ్యే ముందు ఆవిడ చిన్నగా ఊపిరి పీలుస్తుంది. నాసిరకం సరుకులో అది వినపడదు. హైమవతి ఆ ఊపిరి కోసమే కాచుకుని కూర్చుని, అది రాగానే చూపుడువేలు ఎత్తుతుంది. ముప్పై ఏళ్ళుగా ఎత్తుతోంది. ఆ తర్వాతే తాళం వేస్తుంది.

ఇవాళ ఎత్తలేదు. పల్లవి మొదలయ్యాక నా చేతికేసి చూసి తాళం అందుకుంది.

వైశాఖం, మొదటి వారం

గుబిలేనని నా నమ్మకం. హైమవతి జత తెచ్చి జాలీ చూశాను. అద్దంలా ఉంది. అయితే చిన్న నాలుక చచ్చి ఉంటుందనుకున్నాను. ఇంకొకరి జత ఆవిడ చెవిలో పెట్టి చూద్దామంటే పట్టదు, అచ్చుపోత గుల్లలతో వచ్చిన తంటా ఇదే. ఆవిడవి నా చెవికి పట్టవు. చివరికి గుల్ల విప్పి, ఒక్కో నాలుకకూ సన్నటి రబ్బరు గొట్టం తగిలించి నా చెవితో విన్నాను. రెండు వైపులా ఏడుకు ఏడూ పలికాయి. అన్నిటికన్నా చిన్నది అన్నిటికన్నా బాగా పలికింది. ఒక్కటి చచ్చి ఉంటే బాగుండునని దేవుడికి మొక్కుకున్న కారీగరు ఈ వృత్తిలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

"ఏమైంది వాటికి?" అని అడిగింది హైమవతి.

"ఏమీ కాలేదు. గుబిలి."

"నేను చెప్పలేదూ" అని నవ్వింది. ఆవిడ నాకేమీ చెప్పలేదు.

సాయంత్రం పక్కింటి వరాలు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల పేరు పికిలి, ఏడేళ్ళది. ఏదో పిట్ట పేరట. చెవుల నిండా దూది కుక్కి, తలచుట్టూ గుడ్డ కట్టి ఉంచుతారు. ఇయర్‌ఫోన్ల కోసం వరసలో మొదటి పేరు దానిదే.

"మా పిల్ల వంతు ఎప్పుడొస్తదంటావన్నయ్యా?" అంది వరాలు. "దూదితో ఎన్నాళ్ళని ఆపను? ఈ ఏడు పెట్టకపోతే ఇంక పెట్టినా పెట్టకపోయినా ఒకటేనన్నారు డాక్టరుగారు."

"ఎవరో ఒకరు పోవాలి వరాలూ. లేకపోతే ఎవరికో చెవుడు రావాలి. నన్ను చావమంటావా?" అన్నాను. నా నోరు అలాంటిది.

"అదేం మాటన్నయ్యా" అని వరాలు తల దించుకుంది.

తలుపు బిగించే ఉంది, అందరం ఇయర్‌ఫోన్లు తీసే ఉన్నాం. హైమవతి పిల్ల చేతిలో బెల్లంముక్క పెట్టి, అటు తిరిగి బట్టలు మడతపెట్టుకుంటోంది. పికిలి ముక్క నోట్లో వేసుకుని "అత్తా, ఇంకోటి" అంది. హైమవతి మడత పెడుతూనే ఉంది. "అత్తా" అని మళ్ళీ పిలిచింది. చివరికి దగ్గరికి వెళ్ళి చీర పట్టుకుని లాగింది. ముక్క తీసుకుని నా దగ్గరికి వచ్చి, "మావయ్యా, అత్తక్కూడా దూది పెట్టారా?" అని అడిగింది.

వరాలు నవ్వింది. నేను ఇంకా గట్టిగా నవ్వాను.

చెవుడు వచ్చినవాళ్ళను అడుగువాడకు పంపుతారు. బుసలమ్మ పక్కనే ఉండి ఇరుసుకు నూనె పెట్టడం, రెక్కల మీద మసి తుడవడం వాళ్ళ పని. చెవి పోయినవాణ్ణి ఆ మోత ఇంకేం చేస్తుంది అన్నది సభవారి వాదం. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకదు, అందుకే ఒళ్ళు మండుతుంది. వాళ్ళ ఇయర్‌ఫోన్లు విప్పి, నాలుకలు తీసి, వరసలో ఉన్న పిల్లల చెవి అచ్చుతో కొత్త గుల్లలు పోసి అందులో పెడతారు. పోసేది నేనే. ఏటా శ్రావణంలో వినికిడి పరీక్ష పెట్టి ఎవరు కిందికి వెళ్ళాలో తేల్చేదీ నేనే.

జ్యేష్ఠం, మూడో వారం

ముప్పై ఏళ్ళ కాపురంలో మొగుడూ పెళ్ళాం కొత్తగా అనుకునే మాటలేముంటాయి? అన్నం పెట్టనా, పెట్టు. పప్పు చాలా, చాలు. పెదాలు కదిలితే చాలు, మాట తెలిసిపోతుంది. ఆ ధైర్యంతోనే నెట్టుకొస్తోంది కాబోలు. ఈమధ్య మాట్లాడుతున్నంతసేపూ నా మొహంకేసే చూస్తుంటే, ఈ వయసులో నా మీద మోజు పుట్టిందేమో అనుకుని మురిసిపోయాను. నన్ను పాము చెవులవాడంటారు ఊళ్ళో.

ఇవాళ మధ్యాహ్నం నావ పాట పెట్టాను. దాని తాళం ఎనిమిది లెక్క. ఒక దెబ్బ వేసి చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు లెక్కపెట్టాలి, తర్వాత రెండుసార్లు దెబ్బా విసురూ. నాకు తాళం నేర్పింది ఆవిడే. పెళ్ళయిన కొత్తలో నేను తప్పితే చేతి మీద ఒక్కటేసేది.

రెండో చరణంలో కావాలని నడిమి వేలు వదిలేసి దెబ్బ వేశాను. ఆవిడా వదిలేసింది. మళ్ళీ వదిలాను. ఆవిడా మళ్ళీ వదిలింది. పాట ఒక దారిన పోతోంది, మా రెండు చేతులూ ఇంకో దారిన పోతున్నాయి. ఆవిడ మొహంలో ఏ తేడా లేదు. పాట ముగిశాక నా చెయ్యి ఆగింది, నా చెయ్యి ఆగాక ఆవిడ చెయ్యి ఆగింది.

"ఎన్నిసార్లు విన్నా బాగుంటుందండీ" అంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏమిటి కొరుకుతున్నావు అన్నాడట. ఈ సామెత చెప్పి దుకాణంలో ఎంతమందిని నవ్వించానో. ఇక నా నోట అది రాదు.

ఆషాఢం, మొదటి వారం

అడగకుండా ఉండలేకపోయాను. ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కదిపి, "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

చాలాసేపు చేతిలో తువ్వాలు మడతపెట్టింది, విప్పింది. "నిరుటి జాతరప్పట్నుంచి సన్నవి పోయాయి. ఊపిరీ, గజ్జెలూ. మీరు మీట నొక్కాక లెక్కపెట్టుకుని వేలెత్తేదాన్ని, చైత్రంలో ఆ లెక్కా తప్పింది. ఇప్పుడు మందమైనవి కొన్ని తెలుస్తున్నాయి, గోడవతల ఎవరో కుర్చీ జరిపినట్టు."

హైమవతి పని ఊరి వంటశాలలో. అది అడుగువాడకు పైన అంతస్తే. బుస నేలలోంచి తన్నుకొస్తుంది. ఆవిరి తగిలితే నాలుకలు తుప్పు పడతాయని అక్కడి ఆడవాళ్ళు ఇయర్‌ఫోన్లు తీసి, గుడ్డలో చుట్టి, బొడ్లో దోపుకుని పనిచేస్తారు. నాలుకలు కాపాడటానికి చెవులు పాడుచేసుకుంది.

"నాకు చెప్పకూడదూ?"

"చెబితే మీరు రాయాలి కదా. మీ ఉద్యోగమే అది."

"మొన్న నేను తాళం తప్పాను. నువ్వూ తప్పావు. ఆ పాట నీకు కంఠతా వచ్చు కదే."

"తప్పారనే అనుకున్నాను. మళ్ళీ, వింటున్నది మీరు, నేను కాదు కదా అనిపించింది. మీ వేలు తప్పు పోదనుకున్నాను."

దుకాణానికి వచ్చి తలుపు బిగించుకుని ఏడ్చాను. ఇంత ఏడుపు నాలో ఉందని నాకే తెలియదు.

ఏడ్చాక బుర్ర పనిచేసింది. పరీక్షలో పర్యవేక్షకురాలు ప్రసూనాంబ పెట్టెలోంచి ఏదో ఒక పాట తీస్తుంది. పరీక్షకు వచ్చినవాళ్ళు అది వింటూ తాళం వెయ్యాలి, పాటలో ఊపిరి, తీగ మీద వేలు జారిన చప్పుడు, వెనకెక్కడో ఎవరో దగ్గడం, ఇలాంటివి వినపడినచోటల్లా వేలెత్తాలి. సరిచూడటానికి ఇంకో తీగతో నేనూ అదే పాట వింటూ ఎదురుగా కూర్చుంటాను. ప్రసూనాంబ చూసేది వాళ్ళ చెయ్యి. నా చేతికేసి ఎవరు చూస్తారు?

కంచే చేను మేసినట్టు అంటారు. మేస్తుంది మరి. తన పెళ్ళాం దాకా వస్తే ఏ కంచె అయినా మేస్తుంది.

ఆషాఢం, మూడో వారం

రోజూ మధ్యాహ్నం సాధన చేస్తున్నాం. నా ఎడమచెయ్యి మోకాలి మీద ఉంటుంది. వేళ్ళతో తాళం, బొటనవేలు ఎత్తితే ఊపిరి, మణికట్టు తిప్పితే వేలు జారిన చప్పుడు. పెళ్ళానికి నేను గురువునవడం ఇదే మొదటిసారి. ఆవిడ నాకన్నా మంచి శిష్యురాలు. నా వేలు కదిలీ కదలకముందే ఆవిడ వేలు కదులుతోంది. ముందు నుంచి చూస్తే నాకే అనుమానం వస్తోంది, నిజంగా వింటోందేమోనని.

ఇంకా బెరుకు పోక, అక్కడ బతుకెలా ఉంటుందో చూద్దామని, ఇరుసు దగ్గర గాలిగొట్టం వంక పెట్టుకుని ఒకసారి అడుగువాడకు దిగాను. ఏడు నాలుకల గుల్లలు బిగించుకున్నా పళ్ళు కదిలిపోయాయి. మసక వెలుతురు, నూనె కంపు. అక్కడివాళ్ళు ఒకరి అరచేతిలో ఒకరు వేలితో కొట్టి, గీసి మాట్లాడుకుంటున్నారు. చేతులు చూసుకునేంత వెలుతురు ఉండదు కాబట్టి అదే వాళ్ళ భాష. తిమ్మప్ప కనపడ్డాడు. మూడేళ్ళ కిందట నేనే పరీక్షించి పంపినవాడు, ఒకప్పుడు కంజిర వాయించేవాడు. నన్ను గుర్తుపట్టి, నా చెయ్యి లాక్కుని అరచేతిలో ఏదో చెప్పాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. తల ఊపాను, అర్థమైనట్టు. తిమ్మప్ప నా మెడలో తీగకేసి కాసేపు చూసి చెయ్యి వదిలేశాడు.

కాపురం కూడా అక్కడే. వారానికి ఒక పూట పైకి రానిస్తారు, గంట కొట్టగానే దిగిపోవాలి. పైకి వచ్చినా వాళ్ళతో మాట్లాడే ఓపిక ఎవరికీ ఉండదు. పలకరింపుగా నవ్వి తప్పుకుంటాం. నేనూ అలా తప్పుకున్నవాణ్ణే. హైమవతిని అక్కడికి పంపను. నాలో ఊపిరి ఉండగా పంపను.

ఇంటికి వచ్చేసరికి పికిలి మా గదిలో ఆడుకుంటోంది. హైమవతి నన్ను పక్కకు పిలిచింది.

"దానికి సన్నవి పోతున్నాయండీ. దూది తీసి, వెనక నించుని చెమ్చాతో కంచం అంచు గీకాను. తిరగలేదు. చప్పట్లు కొడితే తిరిగింది. నాకూ అలాగే మొదలైంది."

"ఊరుకో. పిల్లది ఆటలో ఉంది."

"మీరు గీకి చూడండి."

నేను గీకలేదు.

శ్రావణం, రెండో వారం

ఇవాళ పరీక్ష.

"మీ ఇంటావిడను మీరే పరీక్షించడం బాగుండదేమో కోదండంగారూ" అంది ప్రసూనాంబ.

"చెవుల పని తెలిసినవాణ్ణి ఇంకొకణ్ణి చూపించండమ్మా, లేచిపోతాను" అన్నాను. ఆవిడ మంచి మనిషే, తర్కించలేదు. పెట్టెలో చెయ్యి పెట్టి ఒక పాట తీసింది. నావ పాట.

అదృష్టం అంటే ఇదీ అనుకున్నాను. ఊరందరి పాటల్లోకీ హైమవతికి కంఠతా వచ్చింది, కలలో కూడా తాళం తప్పనిది. మొదట్లో నా బొటనవేలు ఒక్కసారి లేస్తే చాలు, మిగతాది ఆవిడ చూసుకుంటుంది. తీగలు తగిలించాను. చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాను. మీట నొక్కాను.

హైమవతి నా చేతికేసి చూసింది. తర్వాత నా మొహంకేసి చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

ఊపిరి వచ్చింది. నా బొటనవేలు లేచింది. చూసేవాళ్ళు లేరు. పల్లవి మొదలైంది. ఆవిడ చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, కదల్లేదు. కళ్ళు తెరువు, తెరువు అని లోపల అరుస్తూనే ఉన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు, పైకి కిక్కురుమనలేను.

"హైమవతిగారూ, మొదలైంది" అంది ప్రసూనాంబ. ఆ మాటకూ కదల్లేదు.

మొదటి చరణం అయింది, రెండోది అయింది. పాట చివర దూరంగా ఒక కాకి అరుస్తుంది. దానికీ వేలెత్తాలి. కాకి అరిచి ఊరుకుంది. నేను లేచి భుజం మీద చెయ్యి వేశాక ఆవిడ కళ్ళు తెరిచింది.

"అయిపోయిందాండీ?" అని అడిగింది.

ప్రసూనాంబ తల తిప్పుకుంది. రాయవలసింది నేను రాశాను.

ఇంటికి వచ్చాక ఆవిడ భుజాలు పట్టుకుని అడిగాను. "ఎందుకలా చేశావు? ఇన్నాళ్ళు సాధన చేసింది ఇందుకా?"

"చూస్తూ ఉంటే చేతులు వాటంతటవే కదులుతాయండీ. అందుకే మూసుకున్నాను."

"నన్ను అడగాలనిపించలేదా?"

"అడిగితే వద్దనేవారు. అవి నా చెవుల్లో పలకడం మానేసి ఏడాదైంది. పలికే చోట పెట్టండి. పికిలికింకా సగం ఉంది."

గోడకేసి తిరిగి తిట్టాను. ఊరి పిల్లలందరికీ నువ్వే తల్లివా అన్నాను. నా సంగతేమిటని అన్నాను. ఇంకా అనరాని మాటలు కూడా అన్నాను. వినపడదని తెలిసే అన్నాను. ఆవిడ నా వెనక నించుని, నా వీపు కదలడం ఆగేదాకా ఉండి, అన్నం వడ్డించింది.

భాద్రపదం, మొదటి వారం

హైమవతి గుల్లలు కరిగించాను. నాలుకలు తీసి పళ్ళెంలో వరసగా పెట్టాను. ఇన్నేళ్ళలో ఎందరివో విప్పాను, రెండుసార్లు లెక్కపెట్టుకున్నది ఇవే.

చెవి అచ్చు తీసేటప్పుడు పిల్లను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. పూర్వం చెవులు కుట్టేటప్పుడు అలా చేసేవారట, ఆ ఆచారమే ఇక్కడికి వచ్చింది. వరాలుకు తోడబుట్టినవాళ్ళు లేరు. "అన్నయ్య మైనం పోస్తాడు. మరి ఒళ్ళో ఎవరు పెట్టుకుంటారు?" అని వరాలు మొహమాటపడుతుంటే, హైమవతి వచ్చి కూర్చుని ఒడి చాపింది.

పికిలి చెవిలో గోరువెచ్చని మైనం పోసి, బుగ్గన బెల్లంముక్క పెట్టాను. బెల్లం కరిగేసరికి మైనం గట్టిపడుతుంది. ఈలోగా నమలకూడదు. నమిలితే దవడ కదిలి చెవి తొర్ర సాగి, అచ్చు చెడుతుంది. నమ్మకం లేకపోతే చెవిలో వేలు పెట్టుకుని నమిలి చూడండి. పిల్లలు ఊరుకోరు, ఎలాగైనా ఒక్కసారి కొరుకుతారు. పికిలి కొరకలేదు. హైమవతి అరచెయ్యి దాని బుగ్గ మీద ఉంది. దవడ కాస్త కదలబోతే చాలు, వేళ్ళతో మెల్లగా నొక్కేది.

"కరిగింది" అంది చివరికి. పిల్ల కాదు, ఆవిడే అంది.

మర్నాడు పొద్దున ఆవిడ దిగిపోయింది. రెండు చీరలు, ఒక దుప్పటి. ఇనప తలుపు దాకా వెళ్ళాను. నేను ఏదో అనబోతే నా నోటి మీద చెయ్యి పెట్టి, "మీరు వేళకు తినండి" అంది. తలుపు మూశారు.

పికిలి జతకు కొత్త తీగ వేశాను. మా ముడితీగ మాత్రం సభకు అప్పగించలేదు. నా వైపు నా జత ఉంది. ఆవిడ వైపు కొస ఖాళీగా వేలాడుతోంది.

భాద్రపదం, నాలుగో వారం

పికిలికి జత ఇచ్చాను. చెవిలో పెట్టి, కొద్దిగా మెలితిప్పి కూర్చోబెట్టాను. బుస ఆగిపోయేసరికి పిల్ల బెదిరిపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ దాని నిశ్శబ్దంలో కూడా బుసలమ్మ ఉంది. పాపం, ఒక్కసారిగా ఒంటరిదైపోయింది.

మొదటి పాట ఏది పెట్టాలో ఆలోచించలేదు. నావ పాటే పెట్టాను.

ఇంకా గొంతు రాకముందే పికిలి గబుక్కున వెనక్కి తిరిగి చూసింది. "ఎవరో ఊపిరి పీల్చారు మావయ్యా. ఎవరు?"

"పాడే ఆవిడ."

"ఎక్కడుంది?"

"లేదమ్మా. ఎప్పుడో పోయింది."

"ఊపిరి ఉంది కదా" అంది పికిలి.

వరాలు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నాకు దండం పెట్టింది. నాకెందుకు పెడతావమ్మా అని విసుక్కున్నాను. ఆ సాయంత్రం ఎవరి జతా బాగుచెయ్యలేదు.

ఆశ్వయుజం, మొదటి వారం

ఇన్నాళ్ళూ ఇరుసు పని ఎక్కువగా ఉందని కొత్తవాళ్ళను పైకి రానివ్వలేదు. ఇవాళ వచ్చింది.

చిక్కిపోయింది. గోళ్ళ సందుల్లో నూనె మసి. గొంతు పెద్దదైంది, తను ఎంత గట్టిగా మాట్లాడుతోందో తనకు తెలియడం లేదు. గుమ్మంలోనే నించుని, చెప్పులు కూడా విడవకుండా అడిగింది.

"పికిలికి ఊపిరి వినపడిందా?"

తల ఊపాను. నమ్మకం చాలక మళ్ళీ అడిగింది. మళ్ళీ ఊపాను. అప్పుడు లోపలికి వచ్చింది.

నేను వండిన పప్పు మాడింది. మాడు కూడా వదలకుండా తింది. అన్నాలయ్యాక ఎప్పటి చోటే కూర్చుని, ముడితీగలో తన కొస తీసి చూసింది. చివర ఏమీ లేదు. దాన్ని అలాగే ఒళ్ళో పెట్టుకుని, "పెట్టండి" అంది.

నా జత పెట్టుకుని మీట నొక్కాను. ఆవిడ అరచెయ్యి నా ముందు చాపింది. కింద ఆ భాష నేర్పినట్టున్నారు. పల్లవి రాగానే చేతిలో తాళం మొదలుపెట్టాను. దెబ్బ, చిటికెన వేలు. ఆవిడ గుప్పిట మూసి నా వేలు పట్టేసింది.

"మొదట్నుంచి చెప్పండి. అంతకుముందు ఊపిరి ఉంటుంది కదా."

పాట వెనక్కి తిప్పాను. తాళమైతే వేలితో చెప్పవచ్చు. ఊపిరిని వేలితో ఎలా చెప్పను? నాకు తోచలేదు. పాట మొదలయ్యేచోట, పాడే ఆవిడ ఊపిరి పీల్చినచోట, వంగి హైమవతి అరచేతిలో మెల్లగా ఊపిరి వదిలాను.

హైమవతి చూపుడువేలు లేచింది.

తర్వాత లెక్క తప్పకుండా వేశాను. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. నడిమి వేలు దగ్గర ఆవిడ నాకేసి చూసి నవ్వింది. పాట చివర కాకిని గోటితో గీకి చెప్పాను. ఇంకోటి పెట్టమంది. అది అయ్యాక ఇంకోటి. నాలుగో పాట సగంలో ఉండగా అడుగువాడ గంట కొట్టారు. ఆవిడకు వినపడలేదు. చరణం అయ్యేదాకా నేనూ చెప్పలేదు.